తోడు వేసే వేడి

నా నోరు మంచిది కాదని మా ఊళ్ళో అందరికీ తెలుసు. అంగన్‌వాడీ టీచర్ని కాబట్టి ముఖాన అనరు, అంతే. "మాధవీలత టీచరమ్మ నోట్ల పడితే ఆర్నెల్లు యాదికుంటది" అని బోరింగు దగ్గర అనుకుంటారట. అనుకోనీ. పిల్లలకు పెట్టాల్సిన కోడిగుడ్లు కొంగులో మూటగట్టుకుపోయే ఆయమ్మను కడిగెయ్యాలంటే మెత్తని నోరు పనికిరాదు. అలాంటి నోరు పెట్టుకుని ఆ ఆదివారం, తెరవాల్సిన చోట తెరవకుండా కూర్చున్నాను. ఆ సంగతే చెప్తున్నాను.

అది రెండు వేల పన్నెండు, ఆషాఢ మాసం. శంషాబాద్ నుంచి తుక్కుగూడ పోయే దారిలో మా ఊరు. నా పుట్టిల్లూ అత్తగారిల్లూ అక్కడే, మధ్యలో నాలుగు గడపలు. విమానం లేచిందంటే కుక్కర్ కూతలు ఎన్ని వచ్చాయో లెక్క తప్పుతుంది. మా తమ్ముడు శ్రీకాంత్ ఆ ఎయిర్‌పోర్టులోనే సరుకుల షెడ్డులో పని చేస్తాడు. మందుల డబ్బాలను వాటి చల్లదనం పోకుండా విమానం ఎక్కించడం వాడి డ్యూటీ. వాడి భార్య సరిత. వాళ్ళకు ఒక్కతే పాప, మేఘన, అప్పుడు నాలుగేళ్ళు నిండాయి.

ఆ ఆదివారం మా ఊరి పోచమ్మకు బోనాలు. కోడలు బోనం అన్నం తన చేత్తో వండి, ఆ కుండ తన తల మీద ఎత్తుకుంటుందని మా అమ్మ సక్కుబాయి మొక్కుకుంది. పన్నెండు రోజుల ముందు సరిత నా దగ్గరికి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"వదినా, సరిగ్గ గా దినమే నా తారీఖు పడ్తది" అంది.

బయట ఉన్న ఆడది బోనం ముట్టదు. ప్రతి ఆషాఢంలో ఎవరికో ఒకరికి ఈ పరేషాన్ ఉంటుంది, ప్రతి ఆషాఢంలో మందు నా దగ్గరే దొరుకుతుంది. పిల్లలు ఇప్పుడే వద్దనుకునేవాళ్ళకు ఇవ్వమని సబ్‌సెంటర్ వాళ్ళు గర్భం ఆపే గోలీలు నా బీరువాలో పెట్టి పోతారు. మధ్యలో ఆపకుండా మింగుతూ ఉంటే నెలసరి రాదు. నర్సమ్మ చూసి సరేనన్నాకే ఇవ్వాలని రాసి ఉంటుంది. పండగకు పది రోజుల ముందు నర్సమ్మ ఎక్కడ దొరుకుతుంది? నేనే ఇచ్చేదాన్ని. అప్పటికి పది పన్నెండు మందికి ఇచ్చి ఉంటాను. ఎవరికీ ఏమీ కాలేదు.

"అత్తమ్మకు ఎర్క చెయ్యకు" అంది సరిత.

"నాకేమన్న పిచ్చా?" అన్నాను. అమ్మ నాలుగేళ్ళుగా రెండో కాన్పు కోసం ఎదురు చూస్తోంది. శ్రీకాంత్ సరేసరి. గర్భం ఆపే గోలీలు కోడలి దగ్గర ఉన్నాయని, అవి కూతురే ఇచ్చిందని తెలిస్తే అమ్మ ఇల్లు పీకి పందిరి వేస్తుంది.

సరిత గురించి ఒక మాట చెప్పాలి. ఏడాదికి నాలుగైదు సార్లు ఆ పిల్లకు ఒక చెయ్యో ఒక పాదమో ఉబ్బేది. దురద ఉండదు, దద్దు ఉండదు. రెండు మూడు రోజులు ఉండి దానంతట అదే తగ్గిపోయేది. "పత్తి ఏరేటప్పుడే ఎట్ల ఉబ్బుతదే నీ చెయ్యి? దానికి గూడ తెలివున్నది" అని అందరి ముందు ఎగతాళి చేసిన దాన్ని నేనే. ఆ పిల్ల నవ్వి ఊరుకునేది.

ఆదివారం పొద్దున్న ఎనిమిదిన్నరకు అమ్మ వాకిట్లో కుండకు పసుపు రాస్తున్నాను. సరిత తలస్నానం చేసి కొత్త చీరలో బయటికి వచ్చింది. పై పెదవి ఇంత లావున ఉంది.

"ఏందే, తేనెటీగ ముద్దు పెట్టిందా?" అని నవ్వాను.

"పొద్దుగాల లేసేసరికి గిట్లనే ఉన్నది వదినా. ఇగ ఇప్పుడు గొంతుల ఏదో అడ్డంబడ్డట్టు ఉన్నది."

మాట ఆమెది కాదు. ఖాళీ బిందెలో నోరు పెట్టి మాట్లాడినట్టుంది. నా నవ్వు అక్కడే ఆగింది. చెయ్యి కాదు, కాలు కాదు, గొంతు. పసుపు చేతులతోనే లేచి శ్రీకాంత్‌ను కేకేశాను.

అమ్మకు అర్థం కాలేదు. "బోనం ఇడిసిపెట్టి యాడికి పోతరు? ఎవరెత్తుకోవాలె?" అంది.

"నువ్వే ఎత్తుకో" అని కసిరి సరితతో ఆటో ఎక్కాను. శ్రీకాంత్ బండి మీద వెనకాలే వచ్చాడు. మేఘన అమ్మ దగ్గరే ఉండిపోయింది.

హైవే పక్కన పది మంచాల నర్సింగ్ హోమ్ ఒకటి ఉంది. డాక్టరు మల్లేశ్వరరావు గుంటూరు వైపు మనిషి, కంగారు పడని మనిషి. సరిత నాలుక చూశాడు, గొంతు మీద స్టెతస్కోపు పెట్టి విన్నాడు. నర్సు జెన్నిఫర్‌కు రెండు ఇంజెక్షన్ల పేర్లు చెప్పాడు.

"అలర్జీలా ఉందమ్మా. రాత్రి ఏం తిన్నారు?"

"వంకాయ కూర సార్" అన్నాడు శ్రీకాంత్.

"కొత్తగా మందులేమైనా వాడుతున్నారా? ఏవైనా మాత్రలు?"

సరిత నా వైపు చూసింది. శ్రీకాంత్ మంచానికి ఆ పక్కన నిలబడి ఉన్నాడు. నేను సరిత చెయ్యి పట్టుకుని ఉన్నాను. ఆ చెయ్యి నొక్కాను. ఊరుకోమని నొక్కాను, దాచిపెట్టడమెందుకు?

"లేవు సార్, ఏం లేవు" అన్నాను.

గోలీలు వాపు తెస్తాయని నాకు తెలియదు, దేవుడి సాక్షిగా తెలియదు. తెలియనప్పుడు చెప్పడానికి భయమెందుకు అని మీరడగొచ్చు. నన్ను నేనే అడిగాను, చాలాసార్లు. తేలు కుట్టిన దొంగలా ఆ మంచం పక్కన కూర్చున్నాను.

ఇంజెక్షన్లు పడ్డాయి. పావుగంటలో తగ్గుతుందన్నాడు డాక్టరు. పావుగంటకు కింది పెదవి కూడా లేచింది. అరగంటకు ఎడమ చెంప కన్ను దాకా ఎగబాకింది. డాక్టరు వచ్చి మళ్ళీ ఒక ఇంజెక్షన్ ఇచ్చాడు. పదిన్నరకు సరిత ఉమ్మి మింగలేకపోతోంది, టవల్ నోటికి అడ్డం పెట్టుకుని ముందుకు వంగి కూర్చుంది. పడుకోమంటే చేతులు ఊపుతూ వద్దంటుంది. పడుకుంటే ఊపిరాడటం లేదు. గాలి లోపలికి పీల్చినప్పుడల్లా సన్నగా ఈల లాంటి చప్పుడు. ఆ చప్పుడు వింటూ కూర్చోవడం పగవాళ్ళకు కూడా వద్దు.

జెన్నిఫర్ పచ్చగుడ్డలో చుట్టిన పళ్ళెం ఒకటి తెచ్చి మంచం పక్క స్టూలు మీద పెట్టింది. గుడ్డ అంచు కింద ఇనుము మెరిసింది.

"ఏందమ్మా అవి?" అని మెల్లగా అడిగాను.

ఆ పిల్ల నా చెవి దగ్గరికి వంగింది. "గొంతు మొత్తం మూసుకపోతే కింద కోసి గొట్టం పెడ్తరు టీచరమ్మా. అవసరం రావద్దని ప్రార్థన చెయ్యుండ్రి."

సరిత ఆ పళ్ళెం వైపే చూస్తోంది. తర్వాత నా వైపు చూసింది. ఆమె అప్పటికీ చెప్పలేదు, నేను నొక్కిన చెయ్యికి కట్టుబడి ఉంది. ఓసి పిచ్చిదానా, ప్రాణం పోతుంటే ఆడబిడ్డ మాటకు విలువిస్తావా అని అరవాలనిపించింది. అరవాల్సింది నా మీద నేనే.

శ్రీకాంత్‌ను మంచం దగ్గర ఉండమని, డాక్టరు వెనకాలే వరండాలోకి పరుగెత్తాను.

"సార్, అబద్ధం చెప్పిన. గోలీలు మింగుతున్నది. నేనే ఇచ్చిన" అన్నాను. ఏ గోలీలో, ఎందుకో, ఎన్ని రోజులో అన్నీ చెప్పాను. మధ్యలో ఏడుపొచ్చింది. ఆయన ఏడవనివ్వలేదు.

"ఇంతకు ముందు ఎప్పుడైనా ఒళ్ళు ఉబ్బిందా?"

చెయ్యి సంగతి, పాదం సంగతి చెప్పాను.

"దురద? దద్దుర్లు?"

"ఎప్పుడు లేవు సార్."

"వాళ్ళ అమ్మానాన్నల్లో ఎవరికైనా ఇలా ఉందా?"

"తల్లి బాగనే ఉన్నది. తండ్రి పోయిండు సార్, షాద్‌నగర్‌ల పన్ను పీకిచ్చుకున్న తెల్లారి. దవడ ఉబ్బి, గొంతు ఉబ్బి. ఇద్దరు ఆడపిల్లలు, అప్పటికి చిన్నోళ్ళు. పన్ను డాక్టరు చంపిండని ఊరంత తిట్టిండ్రు."

డాక్టరు గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి వేరే మనిషిలా ఉన్నాడు.

"ఇది అలర్జీ కాదమ్మా. అందుకే ఆ ఇంజెక్షన్లు పని చెయ్యలేదు. మన రక్తంలోంచి ఎర్రకణాలు తీసేస్తే పసుపు రంగు నీరు మిగులుతుంది. అందులో వాపును అదుపు చేసే ప్రొటీన్లు ఉంటాయి. దెబ్బ తగిలితే ఒళ్ళు వాపు పుట్టిస్తుంది, అది మంచికే. ఇక చాలు, ఆపు అని చెప్పడానికి ఒకటి ఉండాలి కదా? సి-వన్ ఇన్‌హిబిటర్ అనే ప్రొటీన్ ఆ పని చేస్తుంది. ఈ అమ్మాయి ఒంట్లో అది పుట్టుకతోనే తక్కువై ఉంటుంది, తండ్రి దగ్గర్నుంచి వచ్చి ఉంటుంది. మీరిచ్చిన మాత్రల్లో హార్మోను ఉంది చూశారూ, అది ఈ జబ్బును రెచ్చగొడుతుంది."

"మందు లేదా సార్?"

"ఆ ప్రొటీన్‌నే మందుగా అమ్ముతారు. మన దేశంలో దొరకదు."

మందుల డబ్బాలు రోజూ దేశాలు దాటించే మా తమ్ముడు గుర్తొచ్చాడు. బెంచీ మీద కూలబడ్డాను.

"వినండి. ఆరోగ్యంగా ఉన్న ప్రతి మనిషి రక్తంలో అది ఉంటుంది. ఎర్రకణాలు తీసేసిన ప్లాస్మాను బ్లడ్ బ్యాంకుల్లో గడ్డకట్టించి దాస్తారు. రెండు సంచులు ఎక్కిస్తే సరిపోవచ్చు. సిటీకి తీసుకెళ్దామా అంటే ఈ రోజు బోనాల రద్దీలో ఆరాంఘర్ దాటేసరికి ఎంతసేపవుతుందో తెలియదు. దారిలో గొంతు మూసుకుపోతే అంబులెన్సులో ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఇక్కడైతే కనీసం కోయడానికి నేనున్నాను. మీ తమ్ముణ్ణి బండి మీద బ్లడ్ బ్యాంకుకు పంపండి." ఆగి మళ్ళీ అన్నాడు. "నేను చదువుకునేటప్పుడు ఇలాంటి కేసు ఒక్కటే చూశాను. నా అంచనా తప్పు కూడా కావచ్చు."

ఆ చివరి మాట ఆయన చెప్పకుండా ఉంటే బాగుండేదనిపించింది.

శ్రీకాంత్‌కు డాక్టరు చీటీ రాసిచ్చాడు. బీ పాజిటివ్, రెండు సంచులు. "ఐసు డబ్బాల తేవాల్నా సార్? ఎంత చల్లగుండాలె?" అని వాడు అడిగాడు. వాడికి తెలిసిన పని అదొక్కటే, దాన్ని పట్టుకుని వేలాడాడు. బండి తీసుకుని లారీల మధ్య నుంచి గగన్‌పహాడ్ వైపు పోయాడు. అప్పుడు పదకొండు ఇరవై.

ఆ తర్వాత గంటన్నర నేను గడియారం చూడటం, సరిత మెడ చూడటం తప్ప ఏమీ చెయ్యలేదు. గాలి పీల్చినప్పుడు మెడ కింద గుంట లోపలికి పోయేది. ఒక్కోసారి ఈల ఆగిపోయేది. నేను లేచి నిలబడేదాన్ని. మళ్ళీ మొదలయ్యేది. డాక్టరు ఆమె గొంతు మీద, ఎక్కడ కోయాలో గుర్తు కోసం నీలం పెన్నుతో చిన్న గీత గీశాడు. ఆ గీత చూశాక నాకు ఏ దేవుడి పేరూ సరిగ్గా గుర్తు రాలేదు. పోచమ్మ తల్లీ, నీకు బోనం కావాలని నేను తప్పు చేశాను, ఆ పిల్లను వదిలెయ్, నన్ను తీసుకో అన్నాను. హైవే మీద ఎవరిదో బోనాల ఊరేగింపు డప్పులు కొట్టుకుంటూ పోయింది.

డాక్టరు కాగితం తెచ్చాడు. "ఇంకో సంగతి. ప్లాస్మా ఎక్కించగానే ఒక్కోసారి వాపు ముందు పెరగొచ్చు. అందులో ఆపే ప్రొటీనే కాదు, వాపును పెంచేవీ ఉంటాయి. పెరిగితే వెంటనే కోస్తాను. ఒప్పుకుంటే సంతకం పెట్టండి."

"ఆమె భర్త రానీయండి సార్."

"వచ్చేదాకా ఆగొచ్చు. అప్పుడు మళ్ళీ ఇదంతా ఆయనకు వివరించాలి. ఎంతసేపుందో నాకు తెలియదు."

రోగితో సంబంధం అన్న చోట 'ఆడబిడ్డ' అని రాశాను. నెలకు నలభై సంతకాలు పెట్టే చెయ్యే నా పేరు వంకరగా రాసింది.

పన్నెండు యాభైకి శ్రీకాంత్ వచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. థర్మోకోల్ డబ్బా గుండెకు హత్తుకుని పట్టుకున్నాడు. జెన్నిఫర్ మూత తీసింది. రెండు సంచులు, పసుపు పచ్చగా, ఇటుకల్లా గడ్డకట్టి ఉన్నాయి.

"ఎక్కియ్యుండ్రి!" అన్నాడు శ్రీకాంత్.

"కరగాలె అన్నా. అరగంటన్న పడ్తది."

"అరగంటనా?" వాడు లోపలి గది వైపు చూశాడు.

పెద్ద ఆసుపత్రుల్లో దీనికి ఒక యంత్రం ఉంటుందట, నీళ్ళను ఒకే వేడిలో ఉంచేది. ఇక్కడ లేదు. స్టీలు టబ్బు, ఒక గీజరు, ఒక స్టవ్, జ్వరం చూసే థర్మామీటరు ఉన్నాయి. డాక్టరు సరితను వదిలి రాలేడు. గుమ్మంలో నుంచే చెప్పాడు: "ముప్పై ఏడు డిగ్రీలు. అంతకన్నా వేడెక్కితే ప్రొటీన్ పాడైపోతుంది, ఉడికిన గుడ్డు మళ్ళీ పచ్చి గుడ్డు కాదు. చల్లారితే ఆలస్యమవుతుంది."

గడ్డ సంచి వెయ్యగానే టబ్బులో నీళ్ళు చల్లబడిపోతున్నాయి. జెన్నిఫర్ వేడినీళ్ళు పోస్తుంది, థర్మామీటరు పెడుతుంది, నిమిషం ఆగుతుంది, విదిలిస్తుంది, మళ్ళీ పోస్తుంది. ఆ చూడటం అయ్యేసరికి నీళ్ళు మళ్ళీ మారిపోతున్నాయి.

"జరగమ్మా" అన్నాను. గాజులు తీసేసి, మోచేతుల దాకా కడుక్కుని, టబ్బులో చేతులు పెట్టాను.

ముప్పై ఏడు అంటే నాకేం తెలుసు? కానీ పాలు తోడు వెయ్యడం తెలుసు. పన్నెండో ఏట నుంచి వేస్తున్నాను. వేలు పెడితే కాలకూడదు, చల్లగా తగలకూడదు, వేలు పెట్టిన సంగతే వేలికి తెలియకూడదు. ఆ వేడిలో వేస్తేనే గడ్డపెరుగు. "నీళ్ళు తే. ఆపు. కొంచెం పొయ్. చాలు" అంటూ ఉన్నాను. జెన్నిఫర్ థర్మామీటరు పెట్టి చూసింది. "ముప్పై ఏడు మీద ఒక గీత టీచరమ్మా" అంది. రెండోసారి చూసింది, ముప్పై ఏడే. తర్వాత మధ్యమధ్య మాత్రమే పెట్టింది.

లోపలి గదిలో ఈల ఇంకా సన్నబడింది. శ్రీకాంత్ గుమ్మానికీ టబ్బుకూ మధ్య తిరుగుతున్నాడు. ఉన్నట్టుండి స్టవ్ మీద మరుగుతున్న నీళ్ళ గిన్నె ఎత్తుకొచ్చాడు.

"జల్ది కరుగుతది అక్కా, జర జరుగు!"

మోచేత్తో వాడి చెయ్యి కొట్టాను. సగం నీళ్ళు నేల మీద, సగం నా ముంజేతి మీద పడ్డాయి. మంట నెత్తికెక్కింది. తడిచేత్తోనే వాడి చెంప పగలగొట్టాను, ముప్పై ఏళ్ళ మగాణ్ణి. "ఉడకబెట్టి ఏం పోస్తవ్‌రా దానికి? సారు చెప్పిన మాట ఇనబడలేదా? పో, పొయ్యి దాని చెయ్యి పట్టుకో!"

వాడు గోడ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాత లోపలికి పోయాడు. నేను కాలిన చెయ్యి మళ్ళీ టబ్బులో పెట్టాను. సంచిలో గడ్డ చిన్నదవుతోంది. మెల్లగా ఆడిస్తూ ఉన్నాను. ఎవరో ముక్కూ ముఖం తెలియనివాడు, ఎప్పుడో చెయ్యి చాపి ఇచ్చిన రక్తం. నాయనా, నువ్వు ఎక్కడున్నా చల్లగా ఉండు అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

ఒకటి ఇరవై ఐదుకు మొదటి సంచి ఎక్కింది. రెండోది నా చేతుల్లో కరుగుతోంది. ఒకటి నలభైకి లోపల ఏదో కింద పడిన చప్పుడు, "జెన్నిఫర్!" అని డాక్టరు కేక.

పరుగెత్తాను. సరిత కళ్ళు బయటికి వచ్చేలా ఉన్నాయి. నోరు తెరిచి ఉంది, ఈల లేదు. డాక్టరు చేతికి తొడుగులున్నాయి, పచ్చగుడ్డ విప్పేసి ఉంది. సన్నని కత్తి ఆ నీలం గీత మీద ఆనింది. నేను సంతకం పెట్టిన కాగితమే నా కళ్ళ ముందు కనిపించింది. చంపేశాను అనుకున్నాను. ఒకసారి గోలీలతో, ఇంకోసారి పెన్నుతో.

డాక్టరు కొయ్యలేదు. ఎడమ చేత్తో ఆమె దవడ ముందుకు లాగి పట్టుకుని, "పీల్చమ్మా. మెల్లగా. కొంచెం చాలు" అంటున్నాడు. ఒక్క ఈల వచ్చింది. చాలాసేపటికి ఇంకోటి. కత్తి అలాగే ఆనించి పెట్టి నిలబడ్డాడు. ఎంతసేపో నాకు తెలియదు. జెన్నిఫర్ తర్వాత చెప్పింది, నాలుగు నిమిషాలట.

రెండో సంచి రెండింటికి ఎక్కింది. మూడింటికి ఆ మెడ గుంట లోపలికి పోవడం తగ్గింది. మూడున్నరకు సరిత తనంతట తానే వెనక్కి ఆనుకుంది. నాలుగింటికి ఉమ్మి మింగింది. మింగగానే మా అందరి వైపు ఒక చూపు చూసింది. శ్రీకాంత్ నేల మీద కూర్చుండిపోయాడు.

డాక్టరు చేతులు కడుక్కుంటూ నన్ను పిలిచాడు. "ఇది వంశంలో వచ్చేది. పాపకు రావడానికి సగానికి సగం అవకాశం ఉంది, పరీక్ష చేయించాలి. ఈమె జన్మలో ఆ మాత్రలు ముట్టకూడదు. పన్ను పీకించాలన్నా ముందు డాక్టరుకు చెప్పాలి. మాత్రల సంగతి మీ తమ్ముడికి నేను చెప్పడం కంటే మీరు చెప్పడం మంచిది."

"చెప్తాను సార్" అన్నాను.

చెప్పలేదు. ఎలా చెప్పను? శ్రీకాంత్ వచ్చి నా కాళ్ళ మీద పడ్డాడు. "నువ్వు లేకుంటే దాన్ని నేనే సంపుకుందును అక్కా" అన్నాడు. ఆరింటికి అమ్మ మేఘనను ఎత్తుకుని వచ్చింది, నుదుట బోనం పసుపు అలాగే ఉంది. సంగతంతా విని నా కాలిన చెయ్యి కళ్ళకద్దుకుంది. "నా బిడ్డ చేతుల అమృతమున్నది" అని వార్డంతా వినేలా చెప్పింది. పక్క మంచాల వాళ్ళు నన్ను చూసి దండం పెట్టారు. నేను తల వంచుకుని కూర్చున్నాను. అణకువ అనుకున్నారు.

సరిత మాట రాత్రికల్లా వస్తుందని డాక్టరు అన్నాడు. పొద్దుటి నుంచి ఏ గొంతు కోసం మొక్కానో, ఇప్పుడు ఆ గొంతు తెరుచుకుంటుందంటే నాకు భయమేసింది. అది ఏం చెప్తుంది? చెప్తే దానిదేం తప్పు? నీళ్ళు తెస్తానని లేచాను. బయటికి పోయి గాలి పీలుద్దామనుకున్నాను.

సరిత నా కొంగు పట్టుకుంది. పెదవులు కదిపింది. వంగాను.

"వదినా..." అంది. గొంతులో ఇసుక ఉన్నట్టుంది. "స్వరూప తాన గూడ ఉన్నయ్."

స్వరూప సరిత చెల్లెలు. తుక్కుగూడలో ఇచ్చారు, ఏడాది కూడా కాలేదు.

"ఏమున్నయే?"

"గోలీలు. మొన్న వచ్చినప్పుడు నా తానికెల్లి ఒక అట్ట తీస్కపోయింది. వాళ్ళ ఊర్ల గూడ ఇయ్యాల్నే బోనాలు."

ఇద్దరు ఆడపిల్లలు అని డాక్టరుకు చెప్పింది నేను. వంశంలో వస్తుందని విన్నది నేను. మేఘన గురించి ఆలోచించాను, నా గురించి ఆలోచించాను. స్వరూప నా తలపుకే రాలేదు.

"ఏం గోలీలు?" అన్నాడు శ్రీకాంత్.

వాడి జేబులోంచి ఫోన్ లాక్కున్నాను. నంబరు రెండుసార్లు తప్పింది. మోగింది. మోగుతూనే ఉంది. కట్ అవుతుందనగా ఎత్తింది. ఫోన్లోంచి డప్పులు, పోతరాజు కొరడా చప్పుడు, ఆడవాళ్ళ కేకలు.

"స్వరూపా! ఆ గోలీలు మింగుతున్నవా?"

"ఎవరూ? వదినా? ఇనబడ్తలేదు! డప్పులు కొడ్తుండ్రు, జర జోర్‌గ మాట్లాడు!"

వార్డులో పది మంచాలు. అమ్మ నా ఎదురుగానే ఉంది, మేఘనను చంకనెత్తుకుని. శ్రీకాంత్ నా ముఖంలోకి చూస్తున్నాడు.

"నేను సరితకిచ్చిన గోలీలు!" అని అరిచాను. "పిల్లలు కాకుండ ఆపే గోలీలు! ముట్టు రావద్దని నేనే ఇచ్చిన! వాటితోనే దాని గొంతు మూసుకపోయింది! నీకు గూడ మూసుకపోతది! నీ పెదవులు ఉబ్బినయా?"

"పెదవులు మంచిగనే ఉన్నయ్ వదినా. చేతులే ఉబ్బినయ్ పొద్దుగాల్నుంచి, గాజులు ఎక్కుతలేవు. ఏమన్నవ్? డప్పులల్ల సగం ఇనబడలేదు. మళ్ళ చెప్పు!"

అమ్మ మేఘనను కిందికి దించింది. నేను ఎవరి వైపూ చూడలేదు.

మళ్ళీ మొదటి నుంచి చెప్పాను, ఇంకా గట్టిగా.